కలం, కరక్కాయ, కసిమి: శ్రీకాళహస్తి వ్రాతపని సరంజామా

నెల్లూరు తీరాన ఇందుకూరుపేట, మైపాడు ప్రాంతం నుంచి దక్షిణంగా దుగరాజపట్నం మీదుగా పులికాట్ సరస్సు వరకు సాగే ఇసుక నేలకూ, స్వర్ణముఖి ఒడ్డున ఉన్న శ్రీకాళహస్తికీ మధ్య ఉన్న బంధం ముడిసరుకుల బంధం. శ్రీకాళహస్తి కళాకారులు గుడ్డ మీద ఎరుపు రంగు తేవడానికి వాడుతూ వచ్చిన చిరువేరు కోరమండల్ తీరపు ఇసుకలో పెరిగే మొక్క. నీలిరంగుకు ఆధారమైన నీలిమందు 19వ శతాబ్దంలో నెల్లూరు, కడప జిల్లాల ముఖ్యమైన వాణిజ్య పంటల్లో ఒకటి. నలుపును పులియబెట్టడానికి వాడే తాటిబెల్లం ఈ తీరమంతటా కనిపించే తాటిచెట్ల సరుకు. లోకం కలంకారీ అని పిలిచే ఈ విద్యకు వృత్తివారి వాడుకలో ఉన్న పేరు వ్రాతపని. దాని గురించి చెప్పేటప్పుడు రామాయణ భారత ఘట్టాలకు, అంచుల్లోని లతలకు దక్కే చోటు పనిముట్లకు దక్కడం అరుదు. అయితే వ్రాతపని విలువ ఎక్కడ పుడుతున్నదో తెలియాలంటే బొమ్మకంటే ముందు సరంజామాను పరిశీలించాలి, ఎందుకంటే ఇందులో రంగు గుడ్డ మీద పూసేది కాదు, గుడ్డలోనే పుట్టించేది.

తీరం, వర్తకం

ఆంధ్రదేశంలో ఈ కళ రెండు శాఖలుగా నిలిచింది. మచిలీపట్నం, పెడన ప్రాంతంలో చెక్క అచ్చులతో అద్దే పని ప్రధానమైతే, శ్రీకాళహస్తిలో ఆలయాల తెరలు, చాందినీలు, రథాల అలంకరణ గుడ్డలు కలంతో చేతివ్రాతగా సాగాయి. ఈ రంగుబట్టల కోసమే 17వ శతాబ్దంలో ఐరోపా కంపెనీలు తీరమంతటా స్థావరాలు వెతుక్కున్నాయి. డచ్చివారు పులికాట్‌లో స్థిరపడ్డాక, ఇంగ్లీషువారు 1626లో నెల్లూరు తీరాన దుగరాజపట్నం వద్ద, వారి లెక్కల్లో ఆర్మగాన్ అన్న పేరుతో, ఒక వర్తక స్థావరం పెట్టుకున్నారు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే ఇంకా చౌకగా, మేలుగా గుడ్డలు దొరికే చోటును వెతుకుతూ దక్షిణానికి పోయి, 1639లో దామెర్ల నాయకుల నుంచి మద్రాసు స్థలాన్ని పొందాడు. కాళహస్తి జమీందారులు కూడా ఆ దామెర్ల వంశంవారే కావడం గమనించదగినది. ఈ బట్టలకు ఐరోపాలో ఎంత గిరాకీ ఏర్పడిందంటే, అక్కడి నేతగాళ్ల ఒత్తిడికి తలొగ్గి ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను మళ్లీ 1721లోను వీటిని కట్టడి చేస్తూ చట్టాలు చేశాయి.

అమ్మకాన్ని ఆపినా ఆ రంగు రహస్యం మీద ఆసక్తిని ఎవరూ ఆపలేకపోయారు. పుదుచ్చేరిలో బోల్యూ అనే ఫ్రెంచి ఉద్యోగి 1734 ప్రాంతంలో పనివారి పక్కనే ఉండి, ఒక్కొక్క దశ ముగిసినప్పుడు గుడ్డలో ఒక ముక్క కత్తిరించి తన వ్రాతప్రతికి జతచేశాడు. తెలుగు నేర్చి నిఘంటువు కూర్చిన జెసూట్ గురువు కేర్దూ 1742లో ఇదే ప్రక్రియను లేఖగా వ్రాసి పంపాడు. ఆ వర్ణనల్లో కరక్కాయ, గేదెపాలు, పటిక, చిరువేరు నేటి పనిలో ఉన్న క్రమంలోనే కనిపిస్తాయి.

గుడ్డను సిద్ధం చేయడం

వ్రాతపనికి ఎంచుకునేది గాడా అనే మోటు నూలు గుడ్డ. మగ్గం మీద పట్టిన గంజి, నూలుకు సహజంగా ఉండే జిడ్డు పోకపోతే ఏ ద్రవమూ పోగులోకి దిగదు కాబట్టి, గుడ్డను నీళ్లలో నానబెట్టి, ఉతికి, పేడ కలిపిన నీళ్లలో ఉంచి, ఎండలో పరిచి తడుపుతూ తెల్లబరుస్తారు. తరువాత కరక్కాయ పొడిని గేదెపాలతో కలిపిన ద్రవంలో ముంచి, పిండి, ఎండబెడతారు. ఈ ఒక్క స్నానంలో రెండు పనులు జరుగుతాయి. కరక్కాయలోని టానిన్, అంటే నాలుకకు వగరుగా తగిలే పదార్థం, పోగును పట్టుకొని తరువాత రాబోయే ఇనుమునూ పటికనూ అందుకోవడానికి ఆధారమవుతుంది. పాలలోని కొవ్వు పోగుల మధ్య సన్నని పొరగా నిలిచి, కలం నుంచి దిగిన ద్రవం గీత దాటి చుట్టూ పాకకుండా అడ్డుకుంటుంది. ఆవుపాలకంటే గేదెపాలలో వెన్న ఎక్కువ కావడం వల్లనే వాటికి ప్రాధాన్యం. పాలు చాలకపోతే గీత అలుక్కుపోతుంది, సమంగా అంటకపోతే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఏ లోపం ఉన్నా తరువాత వేసే బొమ్మ దాన్ని కప్పలేదు.

బొగ్గు, కలం

మొదటి గీతలు చింతపుల్లల బొగ్గుతో పడతాయి. సన్నని పుల్లలను గాలి సోకకుండా కాల్చి బొగ్గుగా మార్చితే, గుడ్డ మీద మెత్తగా నడిచే కణికలు తయారవుతాయి. తప్పు గీతను దులిపితే పోతుంది, మిగిలినది ఉతుకులో కొట్టుకుపోతుంది. అందువల్ల నమూనాను ఎన్నిసార్లయినా దిద్దుకునే స్వేచ్ఛ కళాకారునికి ఈ దశలో మాత్రమే దొరుకుతుంది.

అసలు పనిముట్టు కలం. జానెడు వెదురు పుల్లను చివర సన్నగా చెక్కి, మొనకు కొద్దిగా పైన ఉన్ని గానీ పాత నూలుగుడ్డ గానీ ఉండగా చుట్టి, దాన్ని దారంతో బిగించి కడతారు. ఆ ఉండను ద్రవంలో ముంచితే అది పీల్చుకుంటుంది. వేళ్లతో నొక్కితే మొన వెంట సన్నగా దిగుతుంది. గీత వెడల్పును మొన నిర్ణయిస్తే, గీత నిడివినీ చిక్కదనాన్నీ వేళ్ల ఒత్తిడి నిర్ణయిస్తుంది. రేఖలు దిద్దడానికి వాడిమొన కలం, పటికనూ రంగులనూ నింపడానికి మొద్దుమొన కలం వేరువేరుగా ఉంటాయి. ఒక ద్రవానికి వాడినది మరో ద్రవంలో ముంచరు, ఇనుపద్రవం చుక్క పటికలో కలిసినా ఎరుపు మసకబారుతుంది కాబట్టి. ఈ పనిముట్టును ఎవరిది వారే తయారుచేసుకుంటారు. ఉండ బిగువు తన వేళ్ల పట్టుకు తగినట్టు, మొన కోణం తన గీతకు తగినట్టు అమర్చుకోవడం శిష్యుడు నేర్చుకునే తొలి పాఠాల్లో ఒకటి, అందుకే ఒకరి కలం మరొకరి చేతిలో అంత సులువుగా ఒదగదు.

నలుపు: కసిమి

రేఖలకు వాడే నల్లద్రవం కసిమి. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, పాత మేకులు, గుర్రపు నాడాల వంటివి కుండలో వేసి, బెల్లం, తాటిబెల్లం కరిగించిన నీళ్లు పోసి, మూత కట్టి రెండు మూడు వారాలు పులియనిస్తారు. బెల్లం పులిసి ఆమ్లంగా మారుతుంది, ఆ ఆమ్లం ఇనుమును నీటిలోకి కరిగిస్తుంది. నురగ తగ్గాక వడగట్టిన ద్రవం చూడడానికి పెద్ద నల్లగా ఉండదు. కరక్కాయ పట్టించిన గుడ్డను తాకగానే అందులోని ఇనుము టానిన్‌తో కలిసి, ఉతికినా పోని నలుపుగా మారుతుంది. అదే ద్రవాన్ని కరక్కాయ పట్టని గుడ్డ మీద వాడితే తుప్పు మరక తప్ప మిగిలేది ఉండదు. ఈ నలుపుకు ఒక బలహీనత కూడా ఉంది: ఇనుము కాలక్రమంలో నూలును తినివేస్తుంది, కాబట్టి మ్యూజియములలోని పాత గుడ్డల్లో నల్లగీతల వెంబడే పోగులు విడిపోవడం కనిపిస్తుంది. కసిమిని మితిమీరి గాఢంగా చేయకుండా, వాడే ముందు గుడ్డ ముక్క మీద పరీక్షించి చూసుకోవడం అందుకే అవసరం.

ఎరుపు: పటిక, చిరువేరు

ఎరుపు పుట్టే తీరు ఇంకా విచిత్రం. ఎర్రగా కావలసిన చోటల్లా కళాకారుడు పటిక నీటిని కలంతో నింపుతాడు. పటిక దానంతట అది ఎరుపు కాదు కాబట్టి, అతడు కంటికి కనిపించని రంగును మనసులో ఉంచుకొని పనిచేయాలి. పటికను ఆరనిచ్చి గుడ్డను పారే నీటిలో జాడిస్తారు. నిలవ నీటిలో ముంచితే పోగుకు అంటకుండా మిగిలిన పటిక పక్క భాగాలకు వ్యాపించి, తెల్లగా ఉండవలసిన చోట కూడా ఎరుపు పట్టిస్తుంది. ప్రవాహమైతే మిగులును మోసుకుపోతుంది. శ్రీకాళహస్తిలో ఈ కళ స్వర్ణముఖిని ఆనుకొని పెరగడానికి ఆలయ ఆదరణతోపాటు ఇదీ కారణం.

తరువాత గుడ్డను చిరువేరు, మంజిష్ఠ వంటి వేళ్లు వేసిన నీళ్లలో మరిగిస్తే, పటిక ఉన్న చోటే ఎరుపు నిలుస్తుంది. చిరువేరు నేల మీద చిన్నగా పెరిగే మొక్క అయినా, దాని వేరు ఇసుకలో లోతుగా, సన్నగా దిగుతుంది. రంగంతా వేరు పైతొక్కలోనే ఉంటుంది. ఆ రంగుకు మూలమైన అలిజరిన్ అనే పదార్థం పటికలోని అల్యూమినియంతో కలిసి పోగును విడవని ఎరుపవుతుంది, దానికి సున్నపు అంశం తోడైతే నిగారింపు పెరుగుతుంది. గవ్వలు, ఆలిచిప్పలు అరిగి కలిసిన సముద్రతీరపు ఇసుకలో పెరిగిన వేరుకు మంచి పేరు రావడానికి ఇదే కారణమని చెబుతారు.

పసుపు, నీలం

ఎరుపు ముగిసి, పేడనీళ్లతోను ఎండతోను గుడ్డ నేపథ్యం మళ్లీ తెల్లబడ్డాక, రెండోసారి పాలు పట్టిస్తారు. కరక్కాయ పువ్వును మరిగించి పటిక కలిపిన ద్రవం పసుపునిస్తుంది. దానిమ్మ తొక్క, మామిడి బెరడు కూడా ఈ వర్ణాలకు వాడుకలో ఉన్నవే. నీలిమందు స్వభావం వేరు: అది నీటిలో కరగదు, పటిక సాయం కోరదు. సున్నం, తగిరిస గింజల వంటి వాటితో పులియబెట్టినప్పుడు కరిగి, గుడ్డకు పట్టి, గాలి తగిలాక నీలంగా తిరిగి గట్టిపడుతుంది. ఎగుమతి గుడ్డల కాలంలో నీలం వద్దనుకున్న భాగాలను తేనెమైనంతో కప్పి మొత్తం గుడ్డను తొట్టిలో ముంచేవారు. శ్రీకాళహస్తిలో నీలాన్నీ కలంతోనే నింపడం అలవాటైంది. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ వస్తుంది. పసుపు ఎండకు ముందుగా వెలుస్తుంది కాబట్టి పాత తెరల్లో ఆకులు నీలంగా మిగిలిపోతాయి.

కుట్టుపనికి పనికొచ్చే తెలివి

ఈ రసాయన క్రమం తెలిసినవారికి కలంకారీ గుడ్డను కుట్టడంలోనూ జాగ్రత్తలు తేటపడతాయి. పలుమార్లు నాని, ఉడికి, ఉతికిన గుడ్డ కాబట్టి అది కుంచించుకోవలసినంతా ముందే కుంచించుకొని ఉంటుంది. రవికె కుట్టేటప్పుడు తడిపి ఆరబెట్టవలసింది లోపలి లైనింగు గుడ్డనే, లేకపోతే మొదటి ఉతుకులోనే లైనింగు ముడుచుకొని పైగుడ్డ ముడతలు పడుతుంది. తుప్పు పట్టే గుండుసూదులు గుచ్చి వదిలేస్తే, గుడ్డలో మిగిలిన కరక్కాయ వగరు ఆ ఇనుముతో కలిసి నల్లచుక్కలు పుట్టిస్తుంది; కుండలో కసిమి చేసే పనినే ఆ సూదీ చేస్తుంది. నిమ్మరసంతో మరక తీయబోతే పటిక బంధం చెడి ఎరుపు వెలిసిపోతుంది. చేతివ్రాత గుడ్డలో నమూనా అచ్చుగా పునరావృతం కాదు కాబట్టి కత్తెర వేసే ముందు బొమ్మ తల, భుజం, అంచు ఎక్కడ పడతాయో కాగితం నమూనాతో చూసుకోవాలి. చీర మీద బొమ్మను అతికి కుట్టేటప్పుడు అంచును లోపలికి మడిచి సన్నని సూదితో హెమ్మింగు చేస్తే నల్లరేఖ తెగకుండా నిలుస్తుంది. ఉతకడానికి కుంకుడురసం, ఆరవేయడానికి నీడ మేలు.

నిలబెట్టవలసినది ఏది

1868లో జర్మనీలో అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేశారు. 1897 నుంచి కృత్రిమ నీలిమందు అంగళ్లకు వచ్చింది. ఆ తరువాత చిరువేరు తవ్వేవారికి, నీలిమందు పండించేవారికి గిరాకీ తగ్గిపోయింది. 20వ శతాబ్దం మధ్య నాటికి వ్రాతపని క్షీణించగా, కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1950ల చివర శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం ఏర్పడి, జొన్నలగడ్డ లక్ష్మయ్య బోధనలో కొత్త తరం తయారైంది. ఆ తరానికి చెందిన జె. గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే సంప్రదాయ శిల్ప విద్యాసంస్థలో కలంకారీ ఒక పాఠ్యాంశం; శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

గుర్తింపు పేరును కాపాడుతుంది, శిక్షణ చేతిని కాపాడుతుంది. ఈ రెండూ ఉన్నా సరంజామా కొరవడితే వ్రాతపని నిలవదు. మరయంత్రం మీద ముద్రించిన గుడ్డ కలంకారీ బొమ్మను గీతకు గీతగా అనుకరించగలదు గాని, ఇనుమూ వగరూ కలిసి పుట్టే నలుపును, పటిక పట్టిన చోటే నిలిచే ఎరుపును అనుకరించలేదు. కాబట్టి నెల్లూరు తీరపు ఇసుక నేలల్లో చిరువేరును, మెట్ట భూముల్లో నీలిమందును మళ్లీ సాగుచేయించడం, ఉతుకుకు పారే నీటిని సమకూర్చి వాడిన నీటిని శుద్ధి చేసే ఏర్పాటు చూడడం, కొనేవారికి ముద్రణ గుడ్డకూ వ్రాతగుడ్డకూ తేడా చూపి ధర న్యాయంగా చెల్లించేట్టు చేయడం ఈ కళను ఆదరించే సంస్థలు ముందుగా చేపట్టవలసిన పనులు. పురాణ ఘట్టాలను ఎత్తివ్రాసుకోవడానికి నమూనా పుస్తకాలు చాలు. రంగు పుట్టే క్రమం మాత్రం వేరు, కాయ, నీరు అందుబాటులో ఉండి, వాటిని తన చేతులతో సిద్ధం చేసుకునే పనివాడు ఉన్నంతకాలమే బతుకుతుంది.