తెర లేచే ముందు

డానీ బాయిల్ తీసిన 'స్టీవ్ జాబ్స్' (2015)లో ఒక్క ఆవిష్కరణ సభని కూడా మనకి పూర్తిగా చూపించరు. 1984లో మ్యాకింటాష్, 1988లో నెక్స్ట్, 1998లో ఐమ్యాక్. మూడుసార్లూ కథంతా స్టేజీ వెనకే, కారిడార్లలో, మేకప్ గదుల్లో. సరైన ఎంపికే. ఆఫీసులో అధికారం చేతులు మారేది అందరూ చప్పట్లు కొట్టే మీటింగులో కాదు కదా. మనదాకా మెయిల్ వచ్చేసరికి అంతా అయిపోయి ఉంటుంది.

నాకు బాగా నచ్చింది వోజ్నియాక్ గొడవ. ఆపిల్ టూ టీముకి వేదిక మీద ఒక్క థాంక్స్ చెప్పమంటాడు, అంతే. 1984లో కంపెనీకి ఎక్కువ డబ్బు తెస్తున్నది ఆ పాత మెషీనే. జాబ్స్ ఒప్పుకోడు. పద్నాలుగేళ్ళ తర్వాత కూడా ఒప్పుకోడు, ఈసారి స్టాఫ్ ముందే ఇద్దరూ వాదించుకుంటారు. 'లెగసీ ప్రాజెక్టు'లో పడి, పక్క టీముకి పెట్టే పార్టీలు చూస్తూ కూర్చున్నవాళ్ళెవరికైనా సేత్ రోగన్ ముఖం అద్దంలా కనిపిస్తుంది.

పేచీ రెండో భాగంతోనే. ఆపిల్ తనని మళ్ళీ కొనుక్కోక తప్పని పరిస్థితి కోసం 1988లోనే జాబ్స్ పావులు కదిపాడంటాడు రచయిత ఆరన్ సోర్కిన్. వినడానికి భలే ఉంది. కానీ 1993లో నెక్స్ట్ కంప్యూటర్ల తయారీయే ఆపేసింది. 1996లో ఆపిల్ సొంత ఆపరేటింగ్ సిస్టమ్ 'కోప్లాండ్' చతికిలబడింది. అప్పుడు వాళ్ళు ముందు బేరమాడింది జాన్ లూయీ గాసే కంపెనీ 'బీ'తో. ఈ గాసే ఎవరనుకున్నారు? 1985లో, స్కల్లీని దించాలని జాబ్స్ చూస్తున్నాడన్న కబురు స్కల్లీకి చేరవేసిన మనిషి! బేరం తెగలేదు, ఆ డిసెంబరులో ఆపిల్ నెక్స్ట్‌ని కొంది.

ఇంతకంటే మంచి ఆఫీసు కథ ఏ రచయితకి దొరుకుతుంది? సోర్కిన్ దాన్ని వదిలేసి, అదృష్టాన్ని వ్యూహంగా మార్చేశాడు. ఉద్యోగం పోయినవాడికి "నువ్వు ముందే ప్లాన్ చేసుకోవాల్సింది" అని చెప్పే పెద్దమనుషులకి ఇలాంటి కథలే కావాలి.

జెఫ్ డేనియల్స్ స్కల్లీ మాత్రం అద్భుతం. గెలిచి కూడా సంజాయిషీ ఇచ్చుకునే బాసు. అతను తెర మీదున్నంతసేపూ నేను సోర్కిన్‌ని క్షమించేశాను. బయటికొచ్చాకే గాసే గుర్తొచ్చాడు.