మూడు జంట తీగల మొనగాడు

సల్సా వింటే లోకమంతా కాలు కదుపుతుంది. ఆ సంగీతానికి పునాది వేసిన ఆర్సెనియో రొడ్రిగెజ్ పేరు మాత్రం చాలామందికి తెలియదు. ఇది అన్యాయం.

1911లో క్యూబాలోని మతాన్సాస్ ప్రాంతంలో, కాంగో మూలాలున్న నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. పసితనంలోనే చూపు పోయింది. గుర్రం తన్నిందని కొందరు, కంచరగాడిద తన్నిందని ఇంకొందరు చెబుతారు. త్రెస్ అనే వాయిద్యం చేతికొచ్చాక మాత్రం ఆయన్ని ‘అద్భుతమైన అంధుడు’ అని ఊరంతా కొనియాడింది.

త్రెస్ చూడ్డానికి చిన్న గిటారులా ఉంటుంది. తీగలు రెండేసి చొప్పున మూడు జంటలు. వాటన్నిటినీ ఒకేసారి మీటుతూ పోరు. స్వరాలను విడదీసి, ఒక చిన్న వరసగా గుచ్చి, దాన్నే తిప్పి తిప్పి వాయిస్తారు. దీని పేరు గువాహెయో. రెండు కర్రముక్కలు పలికించే ఐదు దెబ్బల క్లావే అనే లయను ఈ వరస ఒక్క క్షణమైనా వదలకూడదు. ఆర్సెనియో గొప్పతనమంతా ఇక్కడే ఉంది. దెబ్బ పడుతుందనుకున్న చోట ఆగేవాడు, ఎవరూ ఊహించని చోట పలికించేవాడు. అయినా నాట్యం చేసేవాళ్ల అడుగు తప్పేది కాదు!

ఆర్సెనియోకు ముందు సోన్ అనే క్యూబా నాట్యసంగీతపు బృందాల్లో సాధారణంగా ఒక్క ట్రంపెట్ ఉండేది. 1940 ప్రాంతంలో ఆయన ట్రంపెట్ల సంఖ్య పెంచి, పియానోనూ కాంగా డోలునూ చేర్చాడు. లయను కాస్త నెమ్మది చేసి బరువు పెంచాడు. పాట చివర గాయకుడూ కోరసూ సవాలు-జవాబుగా పాడే మోంతునో భాగాన్ని మంటలా రాజేశాడు. ఆయన బృందంలో పియానో పీఠం మీద లిలి మార్తినెజ్, రూబెన్ గోన్సాలెజ్ లాంటి ఉద్దండులు కూర్చున్నారు. మంబో అనే నాట్యసంగీతపు కీర్తినంతా బృందనాయకుడు పెరెజ్ ప్రాదోకు కట్టబెట్టేవాళ్లు ఆర్సెనియో ట్రంపెట్లను శ్రద్ధగా విననివాళ్లే.

చూపు వస్తుందేమోనన్న ఆశతో 1947లో న్యూయార్క్ వెళ్తే, వైద్యుడు ఇక రాదన్నాడు. ఆ దుఃఖంలోంచే ‘లా విదా ఎస్ ఉన్ సుఎన్యో’ (‘జీవితం ఒక కల’) అనే బొలెరో, అంటే నెమ్మదైన పాట, పుట్టింది. తర్వాత అమెరికాలోనే స్థిరపడి, 1970 డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశాడు.

మరుసటి ఏడాదే సల్సా పియానిస్టు లారీ హార్లో ఆయనకు నివాళిగా ఒక ఆల్బమ్ చేశాడు. అందరూ అంత నిజాయితీ చూపలేదు. సల్సా గిరాకీ పెరిగాక ఎన్నో క్యూబా పాటల రికార్డుల మీద రచయిత పేరుండాల్సిన చోట ‘హక్కులు రక్షితం’ అని అర్థమొచ్చే ‘డి.ఆర్.’ అని రెండు అక్షరాలు అచ్చేసి చేతులు దులుపుకున్నారు. కళాకారుడి చెమటను దోచుకోవడం కాక ఇదేమిటి?

సల్సాను ప్రేమించేవాళ్లు ఆర్సెనియో 1940లలో హవానాలో చేసిన రికార్డులు వెతికి వినాలి. ‘దున్దున్‌బన్సా’ పాటతో మొదలుపెట్టండి. ఆర్సెనియో పాట పక్కన ఆయన పేరు లేకపోతే, ఎందుకు లేదని అడగండి.