సందులోకి పారే ఇత్తడి

వరంగల్–ఖమ్మం రోడ్డు మీది వర్ధన్నపేట లాంటి వరి ప్రాంతంలో ట్రాక్టర్ లోడర్ హైడ్రాలిక్ నూనె గొట్టం పగిలితే, గ్యాస్ మంటతో ఇత్తడి అతుకు వేయగల చేతికి ఎంత విలువో తెలుస్తుంది. ఆ పనిని ‘మరమ్మతు’ అని తేలిగ్గా తీసేస్తాం. ఇత్తడి సుమారు 900 డిగ్రీల దగ్గర కరుగుతుంది, గొట్టపు ఉక్కుకు దాదాపు 1,500 కావాలి. గొట్టాన్ని కరగనీయకుండా కెంపెక్కేవరకే కాచి, వెలిగారం చల్లితే, కరిగిన ఇత్తడి వెంట్రుక మందం సందులోకి తానే పారుతుంది. ఇత్తడి కడ్డీని కరిగించాల్సింది మంట కాదు, వేడెక్కిన ఉక్కు. నేర్పంతా అక్కడే.

ఇత్తడి మెత్తన కదా, 150 బార్ నూనె ఒత్తిడికి ఆగుతుందా అని అడగవచ్చు. 12 మిల్లీమీటర్ల గొట్టాన్ని ఆ ఒత్తిడి దాదాపు 170 కిలోల బలంతో ఊడదీయజూస్తుంది. అంచుకు అంచు ఆనించి అతికితే భయమే. ఒకదానిలో ఒకటి దూర్చి అతికితే ఆ భారాన్ని చుట్టూ ఉన్న వైశాల్యమంతా పంచుకుంటుంది. రబ్బరు హోస్ చాలదా అంటే, కదిలే చోట అదే కావాలి. కదలని చోట ఎండకు బీటలు వారని ఉక్కే మేలు.

ప్రమాదం మాత్రం నిజం. నీళ్ల పైపు పనికిరాదు, పొడవునా అతుకు లేని (సీమ్‌లెస్) గొట్టమే వాడాలి. జింకు పూత పొగ ఊపిరికి చేటు. సూదిమొన చిల్లులోంచి చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అందుకే కారుతోందేమో అట్టముక్కతో చూడాలి, చేత్తో కాదు.