‘సొరంగమార్గము’ - ఒక పారిభాషిక పదమును గూర్చి

‘సబ్‌వే’ అను మాట కనబడగానే ‘సొరంగమార్గము’ అని వ్రాయుట మన అనువాదకులలో పరిపాటి. ఇది సరికాదు. న్యూయార్కులో 1904లో ప్రారంభమైన సబ్‌వే భూగర్భ రైలుమార్గము. బ్రిటనులో ఆ మాటకు సామాన్యముగా పాదచారులు రోడ్డు క్రిందుగా దాటు దారి అని అర్థము. గ్లాస్గోవారు మాత్రము 1896 నాటి తమ రైలును సబ్‌వే అనియే అందురు. చెన్నపట్టణమున రైలుపట్టాల క్రిందుగా వాహనములు పోవు దారియు సబ్‌వేయే. కావున సందర్భము చూడక తెలుగు చేయరాదు.

ఇక ‘అండర్‌పాస్’ సొరంగమా? సొరంగమనగానే కొండను తొలిచిన బిలము తోచును. అండర్‌పాస్ అట్టిది కాదు. సాధారణముగా నేలను పైనుండి త్రవ్వి, కాంక్రీటు పెట్టె కట్టి, దానిపై రోడ్డు వేయుదురు. రైళ్లను ఆపుటకు వీలులేనిచోట, ముందుగా పోతపోసిన పెట్టెను జాకీలతో రైలుకట్ట క్రిందికి నెట్టుదురు. దారి రెండువైపుల నుండియు దిగును గనుక వాననీరు నడుమ చేరును; తరచు దానిని పంపులతో తోడవలసియుండును. 2023 మే నెలలో బెంగుళూరు కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో నిలిచిన నీట కారు చిక్కుకొని, ఆంధ్రప్రదేశ్‌కు చెందిన యువతి ఒకామె ప్రాణము కోల్పోయినది.

‘సొరంగము’ అను మాట ఈ పల్లమును దాచును. దిగుడుబావి మనకు తెలిసినదే. ‘దిగుడుదారి’ అన్నచో నిర్మాణమును తెలియును, నీరు చేరుననియు స్ఫురించును. పారిభాషిక పదము వస్తువును చూపవలెను. వీలైనచో దాని అపాయమునుగూడ చూపవలెను.