అర్థం ఉన్న పాటలు, అర్థం లేని పాటలు

కాళ్ళు బారజాపుకుని వరసగా కూచునేవాళ్ళం. మా మొహల్లా పిల్లలం, పక్క బజారు పిల్లలు అందరం కలిసే. ఒకరు ఒక్కో కాలూ తట్టుకుంటూ పాడాలి. పాట ఎవరి కాలి దగ్గర ఆగితే వాళ్ళు ఆ కాలు ముడుచుకోవాలి. కాళ్ళాగజ్జా ఆట. ఆ పాటకు అర్థమేమిటని అప్పట్లో మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు అందులో ఆయుర్వేదం ఉందంటున్నారు. గజ్జికి మందుల చీటీ అట. పాటలో వచ్చే చెట్ల పేర్లన్నీ మూలికలట. ఇంకొందరు మరీ లోతుకు దిగి, శరీరం అశాశ్వతమనే వేదాంతం లాగుతున్నారు. పాత ప్రతి ఒక్కటీ చూపించరు. పాట ఊరికో తీరుగా ఉంటుంది. ఊరు మారి మాట మారితే మందు కూడా మారుతుందా?

ఈ జబ్బు మనకొక్కరికే లేదు. కాన్వెంటు పిల్లలు చేతులు పట్టుకు తిరిగి కిందపడే 'రింగ్ ఎ రింగ్ ఎ రోజెస్' 1665 నాటి లండన్ ప్లేగు పాటేనని గట్టిగా చెప్పేవాళ్ళున్నారు. గులాబీలంటే ఒంటిమీది దద్దుర్లట, తుమ్మంటే చావు తుమ్మట. ఇంగ్లండులో ఆ పాట పిల్లల పుస్తకానికెక్కింది 1881లో, కేట్ గ్రీనవే బొమ్మలు వేసిన 'మదర్ గూస్'లో. అంటే ప్లేగు పోయిన 216 ఏళ్ళకు. పాత పాఠాలు చాలావాటిలో తుమ్మే లేదు. బతుకంతా పిల్లల పాటలు సేకరించిన అయోనా, పీటర్ ఓపీ దంపతులు ఈ ప్లేగు కథను నమ్మలేదు. అది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్రచారంలోకొచ్చిన కథ.

సరే, అర్థాలు కట్టుకోవడం ఒక సరదా అనుకుందాం. మా పేచీ వేరే చోట ఉంది. బడి నుంచి వస్తుంటే మా టోపీ మీద, మా అబ్బాజాన్ గడ్డం మీద, మా సున్తీ మీద ప్రాస కట్టి వెనకాల పాడేవాళ్ళు. అవీ పిల్లల పాటలే. వాటికీ లయ ఉంది, చప్పట్లున్నాయి. ఆ సంగతి ఎత్తితే పెద్దమనుషులు నవ్వేస్తారు. "చిన్నపిల్లల పాటలయ్యా, వాటికి అర్థమేముంటుంది?" అంటారు. ఇదెక్కడి న్యాయం? గజ్జిలో వైద్యం వెతికిన కళ్ళకు గడ్డం పాటలో ఏమీ కనబడదా? గొప్ప చెప్పుకోవడానికి వీలున్న పాటకు వేల ఏళ్ళ మూలం. మమ్మల్ని పొడిచే పాటకు మూలమూ లేదు, అర్థమూ లేదు!

నల్లపిల్లలు పదిమంది ఒక్కొక్కరే మాయమయ్యే లెక్కల పాట ఉంది. దాన్ని 1869లో ఇంగ్లండులో స్టేజీ కోసం ఫ్రాంక్ గ్రీన్ రాశాడు. అంతకు ముందేడు అమెరికాలో సెప్టిమస్ విన్నర్ రెడ్ ఇండియన్ పిల్లల మీద అలాంటిదే రాశాడు. రాసినవాడి పేరు, ఏడు అన్నీ తెలిసిన పాట. అయినా నర్సరీలోకి చొరబడింది. 1939లో అగాథా క్రిస్టీ తన నవలకు ఆ పాట పేరే పెట్టింది. అమెరికాలో 1940లో పుస్తకం వేసినప్పుడే పేరు మార్చారు. బ్రిటన్‌లో ఆ తిట్టు 1980ల దాకా అట్టల మీద ఉంది. దాని అర్థం తెలుసుకోవడానికి నల్లవాళ్ళకు పండితులు అక్కర్లేదు.

మమ్మల్ని మేమూ ఒకటి అడుక్కోవాలి. దక్కనీలో చక్కీనామాలు, లోరీనామాలు ఉన్నాయి. బీజాపూరు సూఫీల పరంపరలోవి. ఆడవాళ్ళు తిరగలి తిప్పుతూ, ఊయల ఊపుతూ పాడుకున్నవి. తిరగలి పిడిని అలిఫ్‌తో పోల్చి అల్లాను తలుచుకున్నవి. 1970లలో రిచర్డ్ ఈటన్ వీటి మీద వివరంగా రాశాడు. పీర్లు మాకిచ్చిన పాటలని మేం గర్వంగా చెప్పుకుంటాం. కాని సూఫీ రాకముందే ఇంట్లో తిరగలి ఉంది, దాని ముందు ఆడమనిషి గొంతు ఉంది. అతను తన మాటను ఆమె వరస మీద కూర్చాడు. ఆ వరస ఎవరిది? కాళ్ళాగజ్జాను వాళ్ళు వైద్యుడికి అప్పజెప్పినట్టే, లోరీని మేం పీరుకు అప్పజెప్పేశాం. ఏ నానీ పేరూ ఎక్కడా లేదు.

మా ఇళ్ళల్లో నానీలు పసివాణ్ణి కాళ్ళమీద వేసుకుని పాడే పాట సగం ఉర్దూ, సగం తెలుగు. మధ్యలో ఏ భాషకూ చెందని మాటలు రెండు మూడు దొర్లుతాయి. వాటికి అర్థమేంటి నానీ అని అడిగాం.

"నిద్రొస్తది బేటా" అంది.