అంతర్జాల టెలిఫోను సంకేత విధానము: గుణదోష విమర్శ

టెలిఫోను సంభాషణలో రెండు పనులు ఇమిడి యున్నవి. ఒకటి మాటను మోయుట. రెండవది పిలుపును నడుపుట. అనగా అవతల గంట మ్రోగించుట, ఫోను ఎత్తగానే దారి కలుపుట, దించగానే విడదీయుట. ఈ రెండవ పనికై యంత్రములు తమలో తాము జరుపు ఉత్తర ప్రత్యుత్తరములకే సంకేత విధానమని పేరు. అంతర్జాలమున ఈ పనికి విరివిగా వాడబడుచున్నది ‘సిప్’ అను విధానము. దీని మొదటి ప్రమాణపత్రము 1999లోను, సంస్కరింపబడిన రూపము 2002లోను వెలువడినవి.

దీని ప్రధానగుణము స్పష్టత. 1996లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము ఆమోదించిన హెచ్.323 విధానమున సందేశములు ద్విసంఖ్యారూపమున నుండును. ప్రత్యేక సాధనము లేనిదే వాటిని చదువుటకు వీలులేదు. సిప్ సందేశములు సామాన్యమైన అక్షరములలో నుండును. ‘ఇన్వైట్’ అనిన పిలుపు. ‘180’ అనిన గంట మ్రోగుచున్నదని. ‘200’ అనిన ఎత్తిరని. ‘బై’ అనిన ముగిసినదని అర్థము. విద్యార్థి సైతము ఒక పిలుపు చరిత్రను ఆద్యంతము చదువవచ్చును. అయితే ఇది మిక్కిలి సరళమను ప్రశంసను అట్లే అంగీకరింపరాదు. మొదటి పత్రము 153 పుటలు. రెండవది 269 పుటలు. సరళత అక్షరములలో నున్నదే కాని నియమములలో లేదు.

అంతర్జాలమునకును పాత టెలిఫోను వ్యవస్థకును నడుమ నుండు యంత్రము గేట్‌వే. మాట విషయమున దీని పని లెక్కకు అందునది. టెలిఫోను ధ్వనిని సెకనుకు 8,000 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను 8 బిట్లలో వ్రాయుదురు. అనగా సెకనుకు 64,000 బిట్లు. గేట్‌వే దీనిని సాధారణముగా 20 మిల్లీసెకనుల ముక్కలుగా కోసి ప్యాకెట్లు కట్టును. ప్యాకెట్టులో ధ్వని 160 బైట్లు, చిరునామా మొదలగు వివరములు 40 బైట్లు. సెకనుకు 50 ప్యాకెట్లు గనుక మొత్తము 80,000 బిట్లగును. ఉత్తరముకంటె కవరు బరువు తక్కువే యైనను, దాని ఖర్చు తప్పదు.

సంకేతముల విషయమున గేట్‌వే దుబాసీ వంటిది. ‘ఇన్వైట్’ను పాత వ్యవస్థలోని ఏడవ సంకేత విధానపు తొలి చిరునామా సందేశముగా మార్చును, అవతలినుండి వచ్చిన జవాబును ‘200’గా మార్చును. లోపము ఇచ్చటనే కలదు. ఆ నంబరు ఎవరికిని కేటాయింపబడలేదనుట, కోరిన మధ్యవ్యవస్థకు దారి లేదనుట, గమ్యస్థానమునకు దారి లేదనుట పాత వ్యవస్థలో మూడు వేర్వేరు కారణములు. 2002 నాటి అనువాద పట్టికలో ఈ మూడును ‘404’ అను ఒకే సమాధానమైనవి. నంబరు తప్పా, దారి చెడినదా అని తెలిసికొనుట ఎట్లు? అసలు కారణసంఖ్యను వేరొక పంక్తిలో జతపరచు వీలు అదే సంవత్సరమున కల్పింపబడినది. జతపరచని గేట్‌వే వద్ద మాత్రము ఆ భేదము నశించును.

ఇంతకంటె పెద్ద లోపము నమ్మకమునకు సంబంధించినది. పిలిచినవారు ఎవరో తెలుపు ‘ఫ్రమ్’ అను పంక్తిని పిలుచు యంత్రమే వ్రాసికొనును. దానిని సరిచూచు ఉపాయములు పత్రమున సూచింపబడినను, అన్ని వ్యవస్థలును వాటిని పాటింపలేదు. పాత టెలిఫోను వ్యవస్థలును నంబరును నమ్మినవే. కాని అచ్చట సంకేతములు పంపగలవారు కొద్దిమంది సంస్థలవారే. గేట్‌వేలు ఆ తలుపును అనేకులకు తెరచినవి; నమ్మిక మాత్రము పాతదే నిలిచినది. బ్యాంకు నంబరుతో మోసగాడు పిలుచుటకు మూలమిదియే. 2018లో నంబరుపై డిజిటల్ సంతకము చేయు ప్రమాణము వెలువడినది. కాని పిలుపు నడుమ పాత వ్యవస్థగుండా పోయినచో ఆ సంతకమునకు అందు చోటు లేదు. గేట్‌వే వద్దనే జారిపోవును. విదేశములనుండి భారతీయ నంబర్ల వేషమున వచ్చు పిలుపులను అడ్డగించుటకు భారత ప్రభుత్వము 2024 అక్టోబరులో ప్రత్యేక వ్యవస్థను ప్రారంభింపవలసి వచ్చెను.

కావున సిప్ పిలుపును కలుపుటలో కృతార్థమైనది; పిలిచినవారెవరో నిరూపించుటలో కాలేదు. తెరపై కనబడు నంబరు సాక్ష్యము కాదు, పిలిచినవారి వాఙ్మూలము మాత్రమే. ఈ భేదమును విద్యార్థులకు నేర్పుట ఉపాధ్యాయుల కర్తవ్యము.