కుళ్లిన దేహంలోనూ వీరుడే కనిపించాలి

జాంబీని గీయడం తేలికని చాలామంది అనుకుంటారు. పళ్లు బయటపెట్టి, బుగ్గకో చిల్లు పొడిచి, నాలుగుచోట్ల ఎర్రరంగు చిలకరిస్తే అయిపోతుందని వాళ్ల లెక్క. సూపర్‌హీరోల మీదికి జాంబీల దండు వచ్చిపడే కామిక్స్ ఈమధ్య ఎక్కువగా ఆ లెక్కలోనే తయారవుతున్నాయి. వాటిని చూసి ఈ కళే ఇంత అనుకుంటే మాత్రం షాన్ ఫిలిప్స్ కుంచెకు తీరని అన్యాయం చేసినట్టు.

2005 చివర్లో మొదలై 2006లో ముగిసిన ‘మార్వెల్ జాంబీస్’ మొత్తం ఐదు సంచికలు. రచన రాబర్ట్ కర్క్‌మన్‌ది, బొమ్మలు ఫిలిప్స్‌వి. అంతకు కొద్దిగా ముందు మార్క్ మిల్లర్, గ్రెగ్ లాండ్ కలిసి ‘అల్టిమేట్ ఫెంటాస్టిక్ ఫోర్’లో ఈ జాంబీ లోకాన్ని పరిచయం చేశారు. కర్క్‌మన్ దాన్ని అందుకుని తలకిందులు చేశాడు. లోకాన్ని కాపాడాల్సిన వీరులే జాంబీలైపోయి, ఆ లోకాన్ని తినేశారు. తినడానికి ఇంకెవరూ మిగల్లేదు. అక్కణ్నుంచి కథ మొదలవుతుంది! పైగా ఈ జాంబీలు మాట్లాడతాయి, ఆలోచిస్తాయి, జోకులేస్తాయి. ఆకలి వేసినప్పుడు మనిషితనం పోతుంది, కడుపు నిండగానే తిరిగొస్తుంది. భార్యనీ, పెంచిన అత్తనీ తనే తినేశానని స్పైడర్‌మన్ కుమిలిపోయే ఘట్టం చదివాక ఆ పేజీ తిప్పడానికి చెయ్యి రాదు.

అంత దుఃఖాన్ని కుళ్లిపోయిన ముఖం మీద చూపించడం ఎలా? పెదవులు లేవు, కనుబొమలు లేవు, ముఖంలో కండ సగం ఊడిపోయింది. మామూలు చిత్రకారుడైతే అక్కడే చేతులెత్తేస్తాడు. ఫిలిప్స్ భావాన్ని ముఖంలోంచి తీసి ఒంట్లో పెట్టాడు. సూపర్‌హీరోని దూరం నుంచి ఆకారం బట్టే పోల్చుకోగలగాలనేది కామిక్స్‌లో పాత పాఠం. జాక్ కర్బీ తన వీరులకు ఇచ్చిన నిలువు, కాళ్లు ఎడంగా పెట్టి భుజాలు ముందుకు తోసే ఆ దర్జా, తర్వాత తరాలన్నిటికీ ఆస్తి. ఫిలిప్స్ ఆ దర్జాని చెరపలేదు. అతను గీసిన ఒక జాంబీ వీరుడి ఛాతీ మీద నక్షత్రం ఉంది, నిలబడిన తీరూ అదే, కానీ తల పైభాగం ఎగిరిపోయి మెదడు బయటపడింది. ఒక్క గీతలో గౌరవమూ అసహ్యమూ రెండూ పుట్టేది అందుకే. ఆ మనిషి బతికుండగా ఎలా నిలబడేవాడో తెలియనివాడు అతని శవాన్ని గీయలేడు.

ఇక ఇంకు సంగతి. ఫిలిప్స్ నేరకథల మనిషి. ‘స్లీపర్’, ఆ తర్వాత ఎడ్ బ్రూబేకర్‌తో చేసిన ‘క్రిమినల్’ చూసినవాళ్లకి అతని నీడలు పరిచయమే. పెన్సిల్ గీతకి ఇంకు దిద్దడమంటే గీత మీద గీత పోవడమని కొందరు అనుకుంటారు. అసలు పని ఎక్కడ నలుపు నింపాలి, ఎక్కడ కాగితాన్ని వదిలెయ్యాలి అన్నది. అతని జాంబీ ముఖాన్ని దగ్గరగా చూడండి. కంటిగుంట మొత్తం నలుపు. దవడ పక్కన ఆరీ ఆరని కుంచెతో ఈడ్చిన గరుకు గీతలు. వాటి మధ్య మెరుస్తున్న తెలుపు ఎముకో, పన్నో, చిరిగిన ముసుగు అంచో అతను చెప్పడు. మన కళ్లు తేల్చుకోవాలి, తేల్చుకున్నాక ఒళ్లు జలదరించాలి. నెత్తురు లీటర్ల కొద్దీ పోసినా ఈ జలదరింపు రాదు. జూన్ చుంగ్ వేసిన రంగులూ ఆ నలుపుకి అడ్డం రాకుండా అణిగి ఉంటాయి. ఆర్థర్ సైడమ్ ముఖచిత్రాలు సరేసరి. 1962 నాటి ‘అమేజింగ్ ఫాంటసీ’ 15వ సంచిక అట్ట మీద స్పైడర్‌మన్ ఒక మనిషిని చంకన ఇరికించుకుని తాడు పట్టుకు ఊగే బొమ్మ ఉంది కదా, దాన్నే తీసుకుని శవాన్ని ఊగించాడు మహానుభావుడు!

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పుకుందాం. 1950ల మొదట్లో అమెరికాలో ఈసీ కామిక్స్ వాళ్ల భయానక కథలు రాజ్యమేలాయి. అందులో గ్రాహమ్ ఇంగెల్స్ ‘ఘాస్ట్లీ’ అని సంతకం చేసేవాడు. సమాధిలోంచి లేచిన శవం నోటినుంచి సాగే తీగలాంటి చొంగని కుంచెతో అతను లాగినట్టు ఈరోజుకీ ఎవరూ లాగలేదు. 1954లో పిల్లలు చెడిపోతున్నారని గోల లేచింది, సెనేట్ ఉపసంఘం విచారణ జరిగింది, కామిక్స్ కోడ్ వచ్చింది. నడిచే శవాలను అచ్చు వెయ్యకూడదన్నారు. ఇంగెల్స్ కామిక్స్ వదిలేసి ఫ్లోరిడాలో చిత్రలేఖనం నేర్పుకుంటూ బతికాడు. ఒక మహాశిల్పి చేతిలోంచి ఉలి లాక్కోవడమంటే ఇదే. 1971లో కోడ్ సడలించినప్పుడూ రక్తపిశాచులకు తలుపు తెరిచారు గానీ జాంబీలను గుమ్మం బయటే నిలబెట్టారు. మార్వెల్ వాళ్లు కోడ్ వర్తించని నలుపుతెలుపు పత్రికగా ‘టేల్స్ ఆఫ్ ది జాంబీ’ తెచ్చి, పాబ్లో మార్కోస్ చేత బొమ్మలు వేయించుకుని ఆ ముచ్చట తీర్చుకున్నారు.

నేను ఫిలిప్స్ పక్షం. అయినా డీసీ వాళ్ల ‘బ్లాకెస్ట్ నైట్’కి దండం పెట్టకుండా ముందుకు పోలేను. 2009లో మొదలైన ఆ కథని జెఫ్ జాన్స్ రాశాడు. పెన్సిల్ బ్రెజిల్ చిత్రకారుడు ఇవాన్ రైస్, ఇంకు ఓక్లెయర్ ఆల్బర్ట్, రంగులు అలెక్స్ సింక్లేర్. నల్ల ఉంగరాలు ఆకాశం నుంచి దిగి చచ్చిపోయిన వీరుల సమాధులు వెతుక్కుంటూ పోతాయి. లేచిన శవాలకి బతికున్నవాళ్లు మామూలుగా కనిపించరు. కోపం ఎరుపుగా, భయం పసుపుగా, సంకల్పం పచ్చగా, ప్రేమ వంగపండు రంగులో, లోపలి ఉద్వేగమే కాంతిగా కనిపిస్తుంది. అందుకే అవి ముందు మాటలతో పొడుస్తాయి, పాత గాయాలు కెలుకుతాయి, గుండె పొంగేదాకా రెచ్చగొట్టి అప్పుడు దాన్ని పెకలిస్తాయి. రంగు అలంకారంగా మిగలకుండా కథ నడిపించిన కామిక్ ఇంతకంటే మరొకటి చూపించండి! రైస్ గుంపు పేజీలైతే భూతద్దం పెట్టుకు చూడాల్సినవి. వరసల కొద్దీ శవాలు, ఒకడి కుళ్లు మరొకడిలా ఉండదు, ప్రతివాడి పాత దుస్తులూ నలుపులోకి తిరగరాసినట్టుంటాయి.

అందులో ఒక ఘట్టం నాకు ప్రాణం. ఒకసారి చచ్చి బతికొచ్చిన వీరులను కూడా ఉంగరాలు మళ్లీ శవాల్లో కలుపుకోవడం మొదలుపెడతాయి. హాల్ జోర్డన్, ఫ్లాష్ ఇద్దరూ ఆ జాబితాలో ఉన్నారు. ఉంగరాలు వెంటపడుతుంటే ఫ్లాష్ హాల్‌ని పట్టుకుని సరిగ్గా రెండు సెకన్లు భవిష్యత్తులోకి పరుగెత్తుతాడు. గురి తప్పిపోతుంది. జాంబీల ముట్టడిని పిడిగుద్దులతో తిప్పికొట్టేవాళ్లు కోకొల్లలు. వీరుడికున్న శక్తినే కీలకంగా తిప్పి ఇలా తప్పించడం తెలిసిన రచయితలు అరుదు. 2019లో టామ్ టేలర్ రాసిన ‘డీసీస్డ్’లో ఆ తెలివి కనబడింది. అక్కడ రోగం సెల్‌ఫోన్ తెరల్లోంచి పాకుతుంది. చేత్తో పెంచిన పిల్లల మీదే ముసలి బట్లర్ ఆల్ఫ్రెడ్ తుపాకీ ఎత్తాల్సి రావడం చదివి కంటతడి పెట్టనివాడితో నాకు మాటల్లేవు.

ఇప్పుడు కడుపుమంట. మొదటి ‘మార్వెల్ జాంబీస్’ అమ్ముడుపోగానే రెండో భాగం, మూడు, నాలుగు, అయిదు అంటూ వరస కట్టారు. మొదటిదానిలో ఉన్న అపరాధభావం పోయి పేగులు మిగిలాయి. ఎక్కడ చూసినా కంప్యూటర్‌లో దొరికే కుళ్లు బ్రష్, ఒక్క నొక్కుతో నెత్తుటి మరక, ఒకే చర్మం పదిమందికి అతికించడం. ‘ది వాకింగ్ డెడ్’నే తీసుకోండి. టోనీ మూర్ మొదలుపెడితే చార్లీ అడ్లర్డ్ ఏళ్ల తరబడి నలుపుతెలుపుల్లోనే మోసిన కథ అది, 2019లో 193వ సంచికతో ముగిసింది. 2020 నుంచి దానికి రంగులద్ది మళ్లీ అమ్ముతున్నారు. రంగులు వేసినవాడి పనితనం మీద నాకు పేచీ లేదు. కానీ నలుపు కోసం కొలిచి గీసిన పేజీ మీద రంగు పొయ్యడం ఎందుకు? ఇక యంత్రం చేత బొమ్మలు వేయించుకుని, అదే కళ అని అంగట్లో పెట్టేవాళ్ల గురించి ఏమనాలి? బెర్నీ రైట్‌సన్ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ బొమ్మల మీద ఏళ్ల తరబడి కూర్చున్నాడు. ఒక్కో పేజీలో గీత పక్కన గీత, వెంట్రుకంత ఎడం. 1983లో అవి అచ్చయ్యాయి. యంత్రం ఇచ్చిన బొమ్మని వాటి పక్కన పెట్టి అయిదు నిమిషాలు చూడండి.

మన సంగతికొస్తే, శవం భుజాన వేసుకుని నడిచే వీరుడి బొమ్మ తెలుగు పిల్లలకి కొత్తకాదు. చందమామలో శంకర్ గీసిన విక్రమార్కుడు, అతని భుజం మీద వేలాడే శవం ఎన్ని తరాల కళ్లలో ఉందో చెప్పలేం. ఆ శవంలో చేతుల వేలాట చూడండి, బరువు తెలుస్తుంది. బాపు గీతని చూసి పెరిగిన చేతులు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. 2021లో ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’లో జాంబీలను కర్నూలు సీమకి దింపాడు, 2024లో అతనే ‘హను-మాన్’తో తెలుగు సూపర్‌హీరోని నిలబెట్టాడు. జనం రెండూ చూశారు. కాగితం మీద ఈ రెంటినీ కలిపే కామిక్ ఒక్కటి రావాలని నా గోల.

ప్రచురణకర్తలకి ఒక మనవి. ముప్పై రెండు పేజీలు చాలు. ఖర్చు భయమైతే రంగులు మానెయ్యండి, నలుపుతెలుపుల్లో వెయ్యండి, బొమ్మకీ అదే మేలు. చిత్రకారుడికి నెలో రెండు నెలలో గడువు ఎక్కువివ్వండి, పేజీకింతని సరైన డబ్బివ్వండి, అట్ట మీద అతని పేరు రచయిత పేరంత పెద్దగా వెయ్యండి. గీసే కుర్రాళ్లకీ ఒకటే చెబుతాను. ముందు మీ వీరుడిని బతికున్నవాడిగా వంద భంగిమల్లో గీయండి. అతను మెట్లెక్కడం, టీ తాగడం, అలిసిపోయి గోడకి ఆనుకోవడం అన్నీ చేతికొచ్చాకే బుగ్గకి చిల్లు పెట్టండి.